చిత్రగుప్తుడి కొత్త చిట్టా

మా అత్తగారికి ఒక ఊతపదం ఉండేది. "నాకేముందే, ఇవాళ్టికివాళ పోయినా ఫర్వాలేదు" అని. కాఫీలో పంచదార తక్కువైనా అదే మాట, మనవరాలికి పెళ్ళి కుదిరినా అదే మాట. 38 ఏళ్ళు ఆవిడతో ఒకే ఇంట్లో కాపరం చేసినదాన్ని కనక ఆ మాటకి ఉన్న అర్థాలన్నీ నాకు కంఠతా వచ్చు. పొద్దున్న అంటే కాఫీ ఆలస్యమైందని. మధ్యాహ్నం అంటే మోకాళ్ళకి నూనె రాసే దిక్కు లేదని. సాయంత్రం ఫోను చేతిలో పట్టుకుని అంటే, మనవలెవరూ వారం నుంచీ పలకరించలేదని. నిజంగా పోవాలనిపించి మాత్రం ఆవిడ ఒక్కనాడూ అనలేదు. పైపెచ్చు కొత్త ఆవకాయ ఊరేదాకా ఒకసారి, మునిమనవడి అన్నప్రాశన అయ్యేదాకా మరోసారి, అలా గడువు పొడిగించుకుంటూ 86 ఏళ్ళు హాయిగా బతికారు.

ఆ ఊతపదాన్ని ఒక యంత్రం నిజమని నమ్మితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. నవ్వొచ్చే సంగతే. కాని అది జరిగింది నవ్వే చోటు కాదు.

2024 కార్తీకమాసం. తెల్లవారుజామున దీపం పెట్టి వచ్చి చూద్దును కదా, అత్తగారు మంచం మీద ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. మాట లేదు. కాకినాడలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందన్నారు. మూడో రోజుకి నిమ్ము చేరింది. నోట్లోంచి గొట్టం వేసి ఊపిరి యంత్రం పెట్టారు. ఇంక అక్కణ్ణించి మా కాపరమంతా ఐ.సి.యు. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీల్లోకి మారింది. పొద్దున్న పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపేవారు. ఆ పది నిమిషాలూ ఆవిడ జుట్టు సర్దడానికే సరిపోయేది.

పదో రోజున పెద్ద డాక్టరమ్మగారు మావారినీ నన్నూ గదిలోకి పిలిచారు. "నోట్లో గొట్టం ఇంక ఎక్కువ రోజులు ఉంచలేం. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కణ్ణించి పెట్టాలి. అలా అయితే నెలల తరబడి కూడా ఉండచ్చు. ఆవిడకి అది మేలో కాదో మీరందరూ ఆలోచించుకుని చెప్పండి" అన్నారు.

అందరూ అంటే ఎవరు? మావారు, పూనా నుంచి వచ్చిన మా మరిది, బెజవాడ నుంచి వచ్చిన ఆడపడుచు, ఆవిడ కూతురు, నేను. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి సెల్‌ఫోనులో. ఆస్పత్రి క్యాంటీన్లో చల్లారిపోయిన ఇడ్లీల ముందు సభ చేరాం. ఎవరూ నోరు విప్పరు. ఉంచమంటే అమ్మని హింస పెట్టినట్టు, వద్దంటే అమ్మని చంపుకున్నట్టు. ఆ రెండు మాటల్లో ఏదీ ముందు తన నోట రాకూడదని ఎవరి తంటాలు వాళ్ళవి.

ముందుగా మా అబ్బాయే అన్నాడు. "అమ్మా, మామ్మ రిపోర్టులన్నీ ఏఐకి ఇచ్చి అడిగాను. మళ్ళీ లేచి కూర్చుని మనుషుల్ని గుర్తుపట్టే స్థితికి రావడానికి నూటికి తొమ్మిది పాళ్ళే అవకాశం అంటోంది."

నేను హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పాను. నూటికి తొమ్మిది అంటే ఏమిటో బోర్డు మీద గళ్ళు గీసి చూపించినదాన్ని. ఇలాంటివాళ్ళు వందమంది ఉంటే తొమ్మిదిమంది లేస్తారని, అంతే. ఆ మూల మంచం మీద ఉన్న ఒక్క మనిషి ఆ తొమ్మిదిలో ఉందా, తొంభయ్యొకటిలో ఉందా అన్నది లెక్కలో ఉండదు. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ అంకె వినగానే మాలో ప్రతివాళ్ళూ దాన్ని పట్టుకుని వేలాడారు. మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినట్టు.

రోగి ప్రాణానికి అంకె వెయ్యడం కొత్త విద్యేమీ కాదని తరవాత తీరిగ్గా చదివి తెలుసుకున్నాను. 1981లోనే అమెరికా డాక్టర్లు 'అపాచీ' అనే లెక్క తయారుచేశారు. 1985లో దాన్ని సవరించారు. జ్వరం, రక్తపోటు, నాడి, రక్తంలో ప్రాణవాయువు వగైరా పన్నెండు కొలతలకి వయసూ పాతజబ్బులూ కలిపి 71 మార్కులకి ఇన్ని అని వేస్తారు. మార్కులు పెరిగినకొద్దీ ప్రాణాపాయం. ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష నేనెప్పుడూ పెట్టలేదు సుమండీ!

ఇప్పటి కృత్రిమ మేధ పన్నెండు కొలతలతో తృప్తిపడదు. లక్షలమంది రికార్డులు చదువుకుని వస్తుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు రాబోయే మూణ్ణెల్ల నుంచి ఏడాది లోపల ఎవరు పోవచ్చునో రికార్డులు చూసి చెప్పే ప్రోగ్రాం తయారుచేశారు. ఉద్దేశం మంచిదే. అలాంటివాళ్ళకి బాధ తగ్గించే వైద్యం ముందుగానే అందించాలని. మావాడు అడిగింది అలా ఆస్పత్రిలో పరీక్షకి పెట్టిన ప్రోగ్రాం కూడా కాదు. పెసరట్టు ఎలా వెయ్యాలో అడిగినా, అమ్మమ్మ బతుకుతుందా అని అడిగినా ఒకే మర్యాదతో జవాబు చెప్పే సెల్‌ఫోను ఏఐ.

"ఇదేదో చిత్రగుప్తుడి చిట్టాలా ఉందే!" అన్నాడు మా మరిది.

అంతటితో ఆగితే బాగుండును. మా ఆడపడుచు కూతురు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. అమ్మమ్మంటే ప్రాణం. మా అత్తగారికి కళ్ళు ఆనక, టైపు చెయ్యడం రాక, మనవలకి వాయిస్ మెసేజిలు పెట్టేవారు. నాలుగేళ్ళవి, నాలుగువందల పైచిలుకు, ఆ పిల్ల భద్రంగా దాచుకుంది. ఆ రాత్రి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని అవన్నీ ఏఐకి వినిపించి, "మా అమ్మమ్మే మాట్లాడగలిగితే ఇప్పుడేం కోరుకుంటుంది?" అని అడిగిందట.

పొద్దున్న మాకు చదివి వినిపించింది. అచ్చతెలుగులో, వినయంగా ఉంది జవాబు. మీ అమ్మమ్మగారు తన జీవితం సంపూర్ణమైందని పదేపదే చెప్పారు, వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నానని అనేకసార్లు అన్నారు, యంత్రాల సాయంతో బతుకు పొడిగించడం ఆవిడకి ఇష్టం ఉండకపోవచ్చు అని.

మా ఆడపడుచు భోరుమంది. మావారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకేం వదినా, అమ్మే చెప్పేసింది" అన్నాడు మరిది. చెప్పొద్దూ, నాకూ గుండెల మీంచి బండ దింపినట్టే అయింది. ఎవరం ఏ మాటా అనక్కర్లేదు. అమ్మ చెప్పింది, మేం విన్నాం. ఎవరి మీదా పాపం లేదు.

కాని లెక్కల టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? "స్టెప్పులేవీ?" అనిపించింది. "ఏ మాటలు చూసి అలా చెప్పిందో అడగవే" అన్నాను. అడిగింది. జాబితా వచ్చింది. "నాకేముందే, ఇవాళ్టికివాళ పోయినా ఫర్వాలేదు." ఆ ఒక్క మాటే అరవై మూడు చోట్ల!

నాకు నవ్వాగలేదు. ఆస్పత్రి క్యాంటీన్లో, పదకొండు రోజులు నిద్ర లేని మొహంతో, కళ్ళంట నీళ్ళు కారేలా నవ్వాను. నాకు మతి పోయిందనుకున్నారు. "అదికాదే, మీ అమ్మమ్మ ఆ మాటన్న ప్రతిసారీ మీరెవరో వారం నుంచీ ఫోను చెయ్యలేదన్నమాట. చావు కోసం కాదు, మీ కోసం అంది" అన్నాను. ఆ పిల్ల నావంక చూసి, ఫోను వంక చూసి, నా ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నవ్వింది నేనే గాని, నా ముఖం మీది నవ్వు ఇంకా ఆరకముందే మా ఆడపడుచు అడగనే అడిగింది. "అయితే వదినా, అమ్మకి ఏం కావాలో నీకు తెలుసా?"

తెలుసా? ఎదురింటి పెద్దాయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసినప్పుడు "తొందరపడ్డారే" అని ఆవిడ నాతో అన్న మాట గుర్తుంది. మా ఆడపడుచుతోనేమో ఒకసారి "నాకు గొట్టాలూ అవీ పెట్టించకండే" అన్నారట. మా మరిదితో "మీ అన్నయ్య ఎలా చేస్తే అలాగే" అన్నారట. మావారితో అసలు ఆ ప్రసక్తే రాలేదు. నలుగురి దగ్గరా నలుగురు అమ్మలు.

మేమొక్కళ్ళమే ఇలా ఏడిశామేమో అనుకునేదాన్ని. కాదుట. ఇలాంటి సమయంలో రోగి ఏం కోరుకుంటాడో అయినవాళ్ళు సరిగ్గా చెప్పగలరా అని చేసిన పదహారు పరిశోధనలని 2006లో ఒకచోట చేర్చి చూస్తే, నూటికి 68 సార్లే సరిగ్గా చెప్పారు. అంటే మూడింట ఒక వంతు తప్పు. అగ్నిసాక్షిగా పెళ్ళాడినవాళ్ళూ, కన్నపిల్లలూ కూడా! అందుకే 2024లో కొందరు నీతిశాస్త్ర పండితులు, మనిషి రాసిన ఉత్తరాలూ మాట్లాడిన మాటలూ యంత్రానికి నేర్పి, అతను నోరు లేకుండా పడి ఉన్నప్పుడు అతని ఇష్టాన్ని అది ఊహించేలా చెయ్యచ్చునని రాశారు. మా మేనకోడలు మెట్ల మీద కూర్చుని చేసిన పని అదే. కనక ఆ పిల్లది తెలివితక్కువతనం కాదు. పెద్దవాళ్ళకి తట్టిన ఆలోచనే. కాకపోతే ఆ పండితులు కూడా మనిషి ముందుగా ఒప్పుకుంటేనే ఇదంతా అంటున్నారు. మా అత్తగారిని ఎవరడిగారు?

అడగడం అంటే గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఆ పదకొండు రోజులూ నన్ను కుట్టేస్తున్నదే అది.

2021లో కరోనా రెండోసారి విజృంభించిన రోజులు. మా వీధిలో ఒకాయన ఆస్పత్రిలో ఒంటరిగా పోయాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నేను పక్కన ఉన్నాను. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, తల ఎత్తకుండానే, "అమ్మాయ్, నాకే గనక అలాంటిది వస్తే మాత్రం…" అన్నారు.

"సంధ్యవేళ ఏం మాటలండీ అవి! లేవండి, దీపం పెట్టాలి" అన్నాను.

ఆవిడ నాకేసి ఒకసారి చూశారు. "సరేలే" అన్నారు. మళ్ళీ ఈనెలు తీసుకున్నారు. అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ వాక్యం చివర ఏముందో ఏ యంత్రానికీ దొరకదు. దాచేసి కాదు, నేను పుట్టనివ్వలేదు కనక.

మధ్యాహ్నం డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. మా అబ్బాయి చెప్పిన అంకె, మేనకోడలు తెచ్చిన జవాబు రెండూ చెప్పేశాం. ఆవిడ విసుక్కోలేదు. "అంకె నేనూ చూస్తానండీ, తప్పేం లేదు. ఈ కేసులో ఇంచుమించు నేనూ అదే అంటాను. కాని ఏ అంకె కిందా సంతకం ఉండదు. నేను రాసే కాగితం కింద నా సంతకం ఉంటుంది" అన్నారు. తరవాత ఎన్నడూ ఏ డాక్టరూ అడగని ప్రశ్న అడిగారు. "ఇంట్లో రోజంతా ఆవిడ దగ్గర ఉండేదెవరు?"

అందరూ నావంక చూశారు.

"ఆవిడకి రోజు ఎలా గడిచేదో చెప్పండి."

చెప్పాను. తెల్లవారుజామున రేడియోలో భక్తిరంజని, ఆ తరవాత కాఫీ, పాలవాడితో నీళ్ళ గురించి తగాదా. కనకాంబరాలు కోసి మాల కట్టడం. కాకికి ముద్ద పెట్టడం. కత్తిపీట ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ నాకు చెప్పడం. ఒక ఏకాదశికి మౌనవ్రతం పట్టి పొద్దున్న పది గంటలకే "ఇంక నావల్ల కాదే" అని విరమించడం. చెబుతూ చెబుతూ ఎక్కడో నా గొంతు పూడుకుపోయింది.

"అన్నిటికన్నా మంచి ఫలితం వచ్చినా, మాట తిరిగి రాదు. నోటితో తినడం కూడా అనుమానమే. ఆ మాత్రానికైనా బతుకుతానని అనేవారంటారా?" అన్నారు డాక్టరమ్మగారు నెమ్మదిగా.

నూటికి తొమ్మిది అన్నప్పుడు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. ఆ తొమ్మిదిలో పడితే ఆవిడకి మిగిలేది ఏమిటన్నది మేమెవరం అడగనే లేదు. మాట లేని మా అత్తగారిని ఊహించుకోవడానికి ప్రయత్నించాను. నావల్ల కాలేదు. అయినా "అనేవారు కాదు" అని గట్టిగా చెప్పలేకపోయాను. "అనరనుకుంటాను. కాని నాకు తెలియదండీ" అన్నాను.

"తెలియదని చెప్పారు చూడండి, అది చాలా ముఖ్యం" అన్నారావిడ. మూడు రోజులు గడువు పెట్టుకుందామన్నారు. చెయ్యగలిగినదంతా చేస్తూ చూద్దాం, ఏ మాత్రం మెరుగైనా రంధ్రం సంగతి ఆలోచిద్దాం, లేకపోతే ఆవిడకి బాధ లేకుండా చూసుకుందాం అని.

మూడు రోజులు గడిచాయి. మెరుగు లేదు.

ఇలాంటి సమయానికి మన దేశంలో ఒక పద్ధతి ఉందని చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ పేరు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1973లో ఆమె మీద జరిగిన ఘోరమైన దాడితో మెదడు దెబ్బతిని, 2015లో పోయేదాకా 42 ఏళ్ళు అదే ఆస్పత్రిలో మంచం మీద ఉంది. ఆమెకి విముక్తి కల్పించమని ఒక రచయిత్రి కోర్టుకి వెళ్ళింది. 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆమె తరఫున మాట్లాడే హక్కు, అన్నేళ్ళూ ఆమెకి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, పక్క మార్చిన ఆస్పత్రివాళ్ళదే అంది. వాళ్ళు ఆమె ఉండాలన్నారు. తీర్పులోని లాయరు మాటలు నాకు తెలియవు గాని, ఆ సంగతి చదివినప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి. నోరు లేని మనిషి తరఫున మాట్లాడే అర్హత చేత్తో చేసినవాళ్ళకి ఉందన్నమాట.

తరవాత 2018 మార్చిలో అదే కోర్టు, గౌరవంగా పోవడం కూడా బతికే హక్కులో భాగమే అని తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. వైద్యం చేస్తున్న డాక్టరూ మరో ఇద్దరు నిపుణులూ కలిసి ఒక బోర్డు. వాళ్ళు చూసి చెప్పాక, దాన్ని మళ్ళీ పరిశీలించడానికి రెండో బోర్డు. అయినవాళ్ళ ఒప్పుదల. మేజిస్ట్రేటుకి కబురు. ఇంతమంది మనుషులు, ఇన్ని సంతకాలు. యంత్రం సంతకం చేసే చోటు మాత్రం ఎక్కడా లేదు.

అవన్నీ జరిగాయి. కాగితం మీద సంతకం పెట్టబోతూ మావారు కలం పట్టుకుని ఆగిపోయారు. "మనం తప్పు చేస్తున్నామా?" అన్నారు. "తెలియదండీ. తెలియకపోయినా మనమే చెయ్యాలి" అన్నాను. ముగ్గురు పిల్లలూ సంతకాలు పెట్టారు. ఊపిరి యంత్రం తీసేముందు బాధ తెలియకుండా మందిచ్చారు. తులసినీళ్ళతో పెదవులు తడిపాను. జుట్టు సర్దాను. ఈసారి పది నిమిషాలైందని ఎవరూ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున, కాఫీ వేళకి వెళ్ళిపోయారు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక మా మరిది మెల్లగా అన్నాడు. "వదినా, చివరికి యంత్రం చెప్పిందే చేశాం కదా. అంత ఆలోచించి ఏం లాభం?"

లెక్కల టీచర్ని అడగాల్సిన ప్రశ్నే. "పక్కవాడి పేపరు చూసి రాసినా, తను చేసి రాసినా జవాబు ఒకటే. నేను మార్కులు స్టెప్పులకి వేస్తాను" అన్నాను. అతనికి అది నచ్చిందో లేదో గాని, నాకు మాత్రం ఆ తరవాత చదివినకొద్దీ బలపడింది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 1990లలో అమెరికాలో నిమ్ము చేసినవాళ్ళ రికార్డులు కంప్యూటరుకి ఇచ్చి, ఎవరికి ప్రాణాపాయమో, ఎవరిని ఇంటికి పంపచ్చో నేర్చుకోమన్నారు. అది నేర్చుకున్నదాన్లో ఒక వింత బయటపడింది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి నిమ్ము చేస్తే అపాయం తక్కువట! ఎందుకలా? ఉబ్బసం మనిషికి నిమ్ము అనగానే డాక్టర్లు కంగారుపడి నేరుగా ఐ.సి.యు.లో పెట్టి కనిపెట్టుకుని చూసేవారు. అందుకని బతికారు. కంప్యూటరుకి ఆ కంగారు కనబడలేదు, బతకడం ఒక్కటే కనబడింది. దాని మాట విని ఉబ్బసం రోగిని ఇంటికి పంపితే? మా అత్తగారి ఊతపదానికి జరిగిందీ అదే. మాటలు ముక్కస్య ముక్కః సరిగ్గానే విన్నది. ఆ మాటల వెనక ఎదురుచూపు వినలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఎవరు బతకరని యంత్రం చెబుతుందో వాళ్ళకి వైద్యం ఆపేస్తే వాళ్ళు పోతారు. "చూశారా, చెప్పినట్టే అయింది" అని అది రాసుకుంటుంది. రేపటి రోగికి ఆ రాతే పాఠం. తప్పు చెప్పినా తప్పని తెలిసే దారి లేదు.

అలాగని నాకు యంత్రాల మీద కోపం లేదు. చిత్రగుప్తుడు లేకపోతే యముడికి మాత్రం లెక్కలెవరు రాస్తారు? చిట్టా రాసేవాడు చిట్టా రాయాలి. తీర్పు ఇంకొకరిది. ఆ ఇంకొకరైనా సావిత్రి వెంటపడితే ఆగి నాలుగు మాటలు మాట్లాడాడు, మాట ఇచ్చి దానికి కట్టుబడ్డాడు. యంత్రంతోనూ ఎంతసేపైనా వాదించవచ్చు, కాదనను. కాని గెలిచినా ఓడినా ఆ మాటకి కట్టుబడేవాళ్ళు అవతల ఎవరూ లేరు.

దాన్ని మంచికి వాడినవాళ్ళూ ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కాన్సర్ వైద్యశాలల్లో, ఆరు నెలల్లోపు అపాయం ఉన్న రోగులెవరో ప్రోగ్రాంతో లెక్క కట్టించి డాక్టర్లకి గుర్తుచేయించారు. వైద్యం ఆపమని కాదు. "వీరితో ఒకసారి కూర్చుని మాట్లాడండి, ఏం కోరుకుంటున్నారో అడగండి" అని. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. అంతకుముందు నూటికి ఒకటీ చిల్లర సార్లు జరిగే అలాంటి సంభాషణ నాలుగున్నర దాకా పెరిగింది. గొప్ప అంకె కాదు. అయినా నాకు నచ్చింది. 2021లో ఆ సాయంత్రం నా చెవిలో ఎవరైనా, యంత్రమైనా సరే, "నోరు మూసుకుని విను" అని గంట కొట్టి ఉంటే ఎంత బాగుండేది!

మా అత్తగారి మాసికాలు అవుతుండగానే నేనొక పని చేశాను. 'లివింగ్ విల్లు' అంటారు. ఆస్తి పంచే విల్లు కాదు. నోరు లేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, నా తరఫున ఎవరు మాట్లాడాలో స్పృహలో ఉండగానే రాసుకునేది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి నోటరీ చేయిస్తే చాలు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మావారు గొణిగారు గాని, రెండు రోజులకి "ఆ ఫారం నాకూ ఒకటి రాయి" అన్నారు.

నా కాగితంలో చివర ఒక వాక్యం చూసి నోటరీగారు కళ్ళజోడు సవరించుకుని మరీ చదివారు. "నేను ఎప్పుడైనా ఎవరితోనైనా 'ఇవాళ్టికివాళ పోయినా ఫర్వాలేదు' అని ఉంటే, దానిని నా కోరికగా భావించరాదు. ఫోను చెయ్యమని దాని అర్థం" అని ఉంది. "ఇది అవసరమా అమ్మా?" అన్నారు. "చాలా అవసరమండీ, మా వంశాచారం" అన్నాను.

కాగితం రాయడం సులువే. అసలు పని ఇంకా మిగిలింది. ఒక ఆదివారం మా కోడలికి నేనే ఫోను చేశాను. అక్కడ పొద్దు పొడుస్తోంది, ఇక్కడ పొద్దు గుంకుతోంది. కాస్సేపు పిల్లల కబుర్లయ్యాక, "అమ్మాయ్, నాకే గనక అలాంటిది వస్తే…" అన్నాను.

"ఇప్పుడెందుకండీ అత్తయ్యగారూ ఆ మాటలు" అంది కోడలు.

"ఆపకమ్మా. నేనొకసారి ఆపాను" అన్నాను.

అవతల చాలాసేపు ఏం వినపడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. తరవాత కుర్చీ జరిపిన చప్పుడైంది.

"చెప్పండి" అంది. "వింటున్నాను."